కాలువల షైర్ నుంచి వచ్చిన మనిషి

ఎన్నడూ చూడని ఒక ఊరి కాలువలు, తూములు, వాటి వరసలు నాకు ఇరవై ఆరేళ్ల వయసులోనే కంఠతా వచ్చు. ఆ ఊరు ఆస్ట్రేలియాలో ఉంది. దాని గురించి నేను విన్నది కువైట్‌లో.

జహ్రా ఊరి ఇళ్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోటికి ఇంకా పడమరగా, పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, మా కఫీల్‌కు ఒక తోట ఉండేది. కఫీల్ అంటే మన వీసాకు పూచీగా నిలబడే యజమాని. మన పాస్‌పోర్టు కూడా ఆయన బీరువాలోనే ఉంటుంది. తోటలో పశువులకు లూసర్న్ గడ్డి, షెడ్లలో టమాటా, దోస పండించేవాళ్లం. రెండు బోర్లలోనూ ఉప్పునీళ్లే. ఇక్కడ కడప జిల్లాలో మాది కె.సి. కెనాల్ ఆయకట్టులో చిట్టచివరి ఊరు. కాలువ ఉంది అని చెప్పుకోవడమే తప్ప అందులో నీళ్లు పారడం నేను చూసింది తక్కువ. వ్యవసాయంలో డిప్లొమా చేసి, ఉద్యోగం రాక, తెలిసినవాళ్ల ద్వారా ఆ తోటకు చేరాను. పైపులు, వాల్వులు, ఎరువులు చూసుకోవడం నా పని. ఇంజన్లు నడిపేది రాజంపేట వైపు ఆయన. నాకంటే పాతికేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బీ అనేవాడు. ఆయనకు షుగరు ఉండేది. అందుకని చెప్పులు లేకుండా గడప దాటేవాడు కాదు.

రెండో ఏడు తోట చౌడు బారింది. మట్టి మీద తెల్లటి పొర తేలింది. దాన్ని బాగుచేయించడానికి కఫీల్ ఒక ఆస్ట్రేలియా ఆయన్ను పెట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకు ఎర్రగా మాడిన మెడ, ఎప్పుడూ నెత్తిన టోపీ. వచ్చిన మొదటిరోజే చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"మా నేల రుచే," అన్నాడు నాతో.

మధ్యాహ్నం పనాపి నీడకు చేరినప్పుడల్లా ఆయన పుల్లతో ఇసుకలో గీతలు గీసేవాడు. ఒక పెద్ద గీత నది. దానికి అడ్డంగా ఆనకట్ట. అక్కడ మొదలై పడమటికి పోయే పెద్ద కాలువ, దానికి పాయలు, పాయలకు పిల్లకాలువలు. మన మండలం లాంటిదాన్ని వాళ్లు షైర్ అంటారట. ఆయన తాత రోజుల్లో అదంతా గొర్రెలు కూడా మేయని ఎర్రటి మైదానమట. నది నీళ్లు మళ్లించాక ప్రభుత్వం నేలను ముక్కలుగా కోసి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకు ఇచ్చిందట. తర్వాత ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లు ఆ ముక్కలే కొని ద్రాక్షతోటలు వేశారట. ఒకవైపు వరి, ఒకవైపు నారింజ. ప్రతి పొలం తూము దగ్గరా నీళ్లు పారుతుంటే తిరిగే ఇనుప చక్రం ఒకటి ఉంటుంది. అది ఎన్ని చుట్లు తిరిగితే అన్ని నీళ్లు వాడుకున్నట్టు లెక్క.

"మరి పైవాడు కాలువకు గండి కొడితే?" అని అడిగాను. మా ఊళ్లో ఆ మాట అడగకుండా ఎవరూ కాలువ గురించి మాట్లాడరు.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "చివరి పొలంవాడు ఫోన్ చేస్తాడు. నీళ్లు వదిలే మనిషి బండేసుకుని వస్తాడు. అంతే."

చివరి పొలంవాడు ఫోన్ చేస్తే లస్కరు పరిగెత్తుకొచ్చే ఊరు! ఆ మాట అన్నకు చెప్పాను. "యాడన్నా ఉంటాదా అట్లాంటి ఊరు? ఆయప్ప మనల్ని ఆటపట్టిస్తాండాడు అబ్బీ," అన్నాడు అన్న.

నేను మాత్రం నమ్మాను. ఉప్పు కడగడం, కింద కాలువ తవ్వి మురుగునీరు బయటికి లాగడం, ఏ పంటకు ఎంత చౌడు తట్టుకునే శక్తి ఉంటుందో చూడటం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా చేతులు మట్టిలో ఉన్నంతసేపూ ఆయన చేతులూ మట్టిలోనే ఉండేవి. అక్కడ అది చిన్న విషయం కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో మనవాళ్ల హోటలుకు తీసుకెళ్తే నాతోపాటు కూర్చుని చేత్తో అన్నం కలుపుకు తిన్నాడు. నేను ఆయన్ను సార్ అనేవాణ్ణి గానీ మనసులో మాత్రం ఇంటి మనిషిలాగే ఉండేవాడు.

1990 ఆగస్టు నెల. కఫీల్ కుటుంబంతో ఎండలకు తట్టుకోలేక ఏటా లాగే కైరో వెళ్లాడు. ఆ గురువారం పొద్దున్నే కొత్త మడికి నీళ్లు పెట్టాలని ఆస్ట్రేలియా ఆయన ముందురోజే తోటకు వచ్చి ఉన్నాడు. తెల్లవారేసరికి ఉత్తరం నుంచి నేల అదిరే మోత. గడ్డివాము ఎక్కి చూస్తే ముత్లా గుట్ట మీదినుంచి జహ్రా వైపు ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. అన్న రేడియో పెట్టాడు. ఇరాక్ సైన్యం దేశంలోకి వచ్చేసింది. మధ్యాహ్నానికి కువైట్ రేడియో మూగబోయింది.

మొదటి వారం ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారని తెలిసింది. దాచినవాళ్లను ఉరి తీస్తామని రేడియోలో చెప్పారు. అప్పటికే ఆయన మా బోరు గదిలో ఉన్నాడు. అది నేలమట్టానికి కింద, ఆరు మెట్లు దిగాలి. పైన రేకు, రేకు మీద ఖాళీ ఎరువు సంచులు.

"ఏం చేద్దామన్నా?" అని అడిగాను.

"చేసేదేముంది? మన తోటలో ఉండేవోడు మనోడే గదా," అన్నాడు అన్న. అంతకుమించి మేం చర్చించుకోలేదు.

ఆ వారంలోనే జహ్రా నుంచి ముగ్గురు ఆడవాళ్లు నడుచుకుంటూ వచ్చారు. రాయచోటి, సుండుపల్లి వైపు వాళ్లు, ఇళ్లలో పనికి ఉన్నవాళ్లు. యజమానులు కార్లెక్కి సౌదీకి పోతూ వీళ్లను ఇంట్లోనే వదిలిపోయారు. వాళ్లలో పెద్దావిడ ఏడవలేదు. ఇంటి యజమానురాలిని ఆవిడ మామా అనేది. "మామా తాళాలు గూడా నాకే ఇచ్చి పోయింది. ఆ ఇంట్లో నేనేం చేసుకునేది?" అని తాళాలగుత్తి తీసి గోడకున్న మేకుకు తగిలించింది. ఆవిణ్ణి అందరం అక్కా అన్నాం. వంట ఆవిడ చేతికి వెళ్లింది. రొట్టెలు కాల్చి మొదటి రెండూ బోరు గదిలోకి పంపేది.

సైనికులు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి టమాటాలు, కోళ్లు పట్టుకుపోయారు. రెండోసారి నేరుగా అడిగారు: ఇంగ్లీషువాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను లేరని చెప్పాను. ఒకడు బోరు గది వైపు నడిచాడు. అన్న తాపీగా వెళ్లి ఇంజన్ తిప్పాడు. ఆ మోతకు, నల్లటి పొగకు వాడు రెండడుగులు వెనక్కి వేసి, కోపంతో తుపాకీ కొన అన్న గుండెకు ఆనించాడు. అన్న రెండు చేతులూ ఎత్తి "హిందీ, హిందీ" అంటూ, ఇండియావాళ్లం అన్నట్టు, నవ్వాడు. అక్క వేడి రొట్టెలు గంపతో తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు రొట్టె తీసుకుని "యల్లా" అని మిగిలినవాళ్లను పిలుచుకుని పోయాడు.

వాళ్ల జీపు దుమ్ము కనుమరుగయ్యాక రేకు తీశాను. ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది అయిపోతే మీరందరూ మా షైర్‌కు వస్తారు. కౌన్సిల్ ముందు నేనే నిలబడి చెప్తాను. నీకు నీళ్ల పని, వీళ్లకు నారింజ తోటల్లో పని. మాటిస్తున్నాను."

నేను తెలుగులో చెప్పాను. అందరిలోకీ చిన్నామె కళ్లు తుడుచుకుంటూ "నారింజ చెట్లకు ముండ్లు ఉంటాయా?" అని అడిగింది. ఆ మాటకు అందరం నవ్వాం. ఆ తర్వాత రోజూ సాయంత్రం అక్క ఆయన్ను షైర్ గురించి అడిగేది, నేను అటూ ఇటూ మాటలు మార్చేవాణ్ణి. ఆడ వానలు పడతాయా? బడి ఎంత దూరం? ప్రెసిడెంటును ఎవరు ఎన్నుకుంటారు? ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. ఊరి మధ్య వీధి ఎద్దుబండ్ల వరస మళ్లేంత వెడల్పట. వరి కోసే రోజుల్లో ఊరంతా దుమ్ము వాసనట. ఉప్పు మాత్రం అక్కడా పైకి వస్తోందట. ఆ ఒక్క సంగతి దగ్గర ఆయన గొంతు తగ్గేది.

ఇండియా వాళ్లను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పంపుతున్నారని, అబ్బాసియాలో పేర్లు రాసుకుంటున్నారని తెలిసింది. మాకున్న బండి తోట వనైట్ ఒక్కటే. పికప్‌ను అక్కడ అలా అంటారు. సైనికులు గుంజుకుపోకుండా దాన్ని షెడ్‌లో గడ్డిమోపుల కింద దాచాం. మా ఆలోచన ఇది. ముందు నేను అబ్బాసియాకు పోయి ఐదుగురి పేర్లు రాయించాలి. మర్నాడు తెల్లవారుతూనే వనైట్‌లో ఆస్ట్రేలియా ఆయన్ను నైరుతిగా ఎడారిలో తిరిగే బదూల గుడారాల దగ్గర దించాలి. అక్కడి ముసలాయన మా గడ్డి కొనేవాడు, సౌదీ దాటిస్తానని ఒప్పుకున్నాడు. తిరిగొచ్చి మేం ఐదుగురం అదే బండిలో అబ్బాసియాకు పోవాలి. దారి అర్థం కావాలని ఆయన అడిగితే కాగితం మీద నేనే గీసిచ్చాను. సైనికులు ఎక్కడ ముళ్లతీగలు పరిచారో, ఎక్కడ మెత్తటి ఇసుకో, ఏ దిబ్బ దగ్గర ఎడమకు తిరగాలో.

అమ్ఘరా నుంచి పాత ఇనుము వేసుకుని పోయే ఒక పఠాన్ లారీ ఎక్కి పొద్దున్నే అబ్బాసియాకు వెళ్లాను. వరసలో నిలబడి, పేర్లు రాయించి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. షెడ్ తలుపు తెరిచి ఉంది. గడ్డిమోపులు పక్కకు దొర్లి ఉన్నాయి. వనైట్ లేదు. రెండు నీళ్ల డ్రమ్ములూ లేవు.

"నిన్ను తోడుకొని వస్తాడేమో అనుకున్యా," అంది అక్క. "టోపీ పైకెత్తి నవ్వినాడు నాయనా. దోవలో తింటారని రొట్టెలు గూడా నేనే కట్టిచ్చినా."

సాయంత్రం దాకా దారి వైపు చూశాం. మర్నాడు కూడా చూశాం. సైనికులు ఎదురుపడి ఉంటారు, మమ్మల్ని పట్టించకూడదని ఆయన అటు పారిపోయి ఉంటాడు అని నేను అందరికీ సర్దిచెప్పాను. అన్న దారి వైపు చూడటం మానేశాడు.

మూడోరోజు నడిచాం. ఆ ఎండలో పది పన్నెండు కిలోమీటర్లు. తలా ఒక సీసా నీళ్లు. సగం దారిలో అన్న చెప్పు తెగింది. నా చెప్పు ఇస్తే ఆయన పాదానికి చాలలేదు. గుడ్డ చుట్టుకుని నడిచాడు. జహ్రా చేరేసరికి గుడ్డ తడిసి ఎర్రగా ఉంది. అక్కడ ఒక లారీ దొరికి అబ్బాసియా చేరేసరికి మా పేర్లు ఉన్న బస్సు వెళ్లిపోయింది. మళ్లీ పేర్లు రాయించుకుని, రోజుల తరబడి ఆగి, చివరికి బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో పడ్డాం. అక్కడ అన్న పాదం నల్లబడటం మొదలైంది.

ఆ గుడారంలో, నేను ఆయన పుండు కడుగుతుంటే, అన్న ఉన్నట్టుండి అన్నాడు.

"అబ్బీ, ఆపొద్దు ఆయప్ప నన్ను చివరి షెడ్‌కు పంపించినాడు. పైపు లీకైతాంది, సూసి రాపొమ్మని సైగ జేసినాడు. నేను పొయ్యి సూసినా. యాడా లీకు ల్యా."

నేను కడుగుతూనే ఉన్నాను. ఆ మాట విన్నాక కూడా నాకు ఇంకో కారణం వెతకాలనే అనిపించింది. తడి చూసి పొరబడ్డాడేమో అన్నాను. అన్న నా వైపు జాలిగా చూసి ముఖం తిప్పుకున్నాడు.

కడప ఆసుపత్రిలో అన్న కాలు మోకాలి కింద తీసేశారు.

పదేళ్లు దాటాక నేను మా జిల్లాలో నీటి సంఘాల రైతులకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. కాలువల నిర్వహణ చూసి రావడానికి కొందరిని బయటి దేశాలకు పంపే అవకాశం వచ్చింది. ఆస్ట్రేలియాకు పోయే జట్టు చూడబోయే ఊళ్ల జాబితాలో ఆ షైర్ పేరు ఉంది. ఆ జట్టులోనే నన్ను వెయ్యమని పట్టుబట్టి అడిగాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ ఆస్ట్రేలియా ఆయన ఎక్కడ చచ్చిపోయాడో వాళ్లవాళ్లను అడిగి తెలుసుకుందామని నాకు నేను చెప్పుకున్నాను.

ఊరు ఆయన చెప్పినట్టే ఉంది. ఒక్క అబద్ధం లేదు. తాడు కట్టి గీసినట్టు కాలువలు, బల్లపరుపుగా చదును చేసిన వరిమళ్లు, ప్రతి తూము దగ్గరా మెల్లగా తిరిగే ఇనుప చక్రం. ఎద్దుబండ్లు మళ్లే వీధి. నారింజ చెట్లకు అక్కడక్కడ ముళ్లు కూడా ఉన్నాయి. చిట్టచివరి పొలంలో నిలబడి చూశాను. కాలువ నిండా నీళ్లు.

కౌన్సిల్ హాల్లో మాకు టీ ఇచ్చి, షైర్ గురించి ఒక పుస్తకం చేతిలో పెట్టారు. నది, ఆనకట్ట, సిపాయిల పొలాలు, ఇటలీ కుటుంబాలు, చౌడు సమస్య అన్నీ ఉన్నాయి. "మన మనుషులు" అనే పేజీలో ఆయన ఫొటో. టోపీతో. కింద నాలుగు వాక్యాలు: కువైట్ యుద్ధంలో చిక్కుకున్న ఈయనకు తోటలో పనిచేసే ఒక భారతీయ మిత్రుడు తన బండి తాళం చేతిలో పెట్టి, "నువ్వు వెళ్లు, మా సంగతి మేం చూసుకుంటాం" అన్నాడట.

చదివింది మళ్లీ చదివాను. నా పక్కనున్న ఆఫీసరు "ఏంటి సార్, ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు. "ఈ మిత్రుణ్ణి నేనే," అన్నాను. ఆయన ఉత్సాహంగా ఆ మాట ప్రెసిడెంటుకు చెప్పేశాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎవరో ఫోన్ చేశారు. అరగంటలో ఆ ఫొటోలోని మనిషి భార్యతో సహా వచ్చాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తన భర్తను బతికించి పంపానని ఇన్నేళ్లూ ప్రార్థనల్లో నన్ను తలుచుకుందట. ఆమె భుజం మీదుగా నేను ఆయన్ను చూశాను. ముసలివాడయ్యాడు. ముఖం మట్టిరంగులోకి తిరిగింది.

కాలువ చూపిస్తానని ఆయనే నన్ను బయటికి తీసుకెళ్లాడు. ఇంగ్లీషులో నువ్వు, మీరు ఒకటే మాట. ఆ రోజు నా నోట్లో మాత్రం అది నువ్వు అనే పలికింది.

"నేను తాళం ఇవ్వలేదు," అన్నాను.

"ఇవ్వలేదు."

"పైపు లీకవలేదు."

"లేదు." కాలువ వైపే చూస్తున్నాడు.

"ఒక్కరోజు. ఒక్కరోజు ఆగి ఉంటే నేనే దింపేవాణ్ణి కదా. ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. "నువ్వు ఊళ్లోకి వెళ్లావు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. నా గురించి సైనికులకు చెప్పడానికి వెళ్లావేమో అనిపించింది."

బండి పోయినప్పుడు నాకు అంత బాధ కలగలేదు. మా గుండెల మీద తుపాకీ పెట్టించుకున్నాం, ముందు రొట్టె ఆయనకే పంపాం, అన్ని రోజులూ ఆయన ఆ మెట్ల మీద కూర్చుని నన్ను పట్టించేవాడిగా చూశాడన్నమాట.

"అన్నకు కాలు తీసేశారు," అన్నాను.

ఆయన టోపీ తీశాడు. తర్వాత మెల్లగా, "ఇంటికొచ్చాక నా భార్యకు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఒకసారి అన్నాక ఇక మార్చలేకపోయాను. దయచేసి ఆమెకు చెప్పకు," అన్నాడు.

నేను మాట ఇవ్వలేదు. లోపలికి వచ్చి ఆమెతో కలిసి ఫొటో దిగాను. ఆమెకు చెప్పలేదు.

ఊరికి వచ్చాక రాజంపేట పోయి అన్నకు అంతా చెప్పాను. ఆయన కట్టెకాలు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని విన్నాడు. "పోతానని చెప్పింటే నేనే పంపిచ్చిందును గదప్పా. ఆ మాట ఆయప్పకు తెల్దా? పొగలో తుపాకీ కాడ నిలబడింది తెల్దా?" అన్నాడు. మళ్లీ తనే, "మన్ను నాలిక మీద ఏసుకొని చౌడు చెప్పేవోడు. మనిషిని సూసి చెప్పలేకపాయె," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ నెలలో కౌన్సిల్‌కు ఒక ఉత్తరం రాశాను. కోపం లేకుండా, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు. ఐదుగురు ఉన్నారని, ఎవరూ తాళం ఇవ్వలేదని, ఒకాయన నడిచి కాలు పోగొట్టుకున్నాడని రాశాను. వీలుంటే పుస్తకంలో ఆ నాలుగు వాక్యాలు సరిదిద్దమని అడిగాను. మా పర్యటనకు ధన్యవాదాలు చెబుతూ జవాబు వచ్చింది. ఉత్తరంలోని సంగతి మీద ఒక్క ముక్క లేదు.

రెండేళ్లకు పుస్తకం కొత్త ముద్రణ పోస్టులో వచ్చింది. "మన మనుషులు" పేజీ తిప్పాను. ఆయన ఫొటో అలాగే ఉంది. కింద చౌడు నేలల మీద ఆయన విదేశాల్లో చేసిన పని గురించి ఒక వాక్యం ఉంది. కువైట్ అనే మాట లేదు. భారతీయ మిత్రుడూ లేడు. అబద్ధం తీసేశారు, నిజం రాయలేదు.

ఆ పుస్తకం అన్నకు చూపించలేదు.